బల్ల మీద పెట్టిన చెవి

సెల్‌ఫోన్ రిపేరు కౌంటరు నుంచి
సోమవారం

బావగారికి,

పార్సిల్ అందే ఉంటుంది. డబ్బా మీద "గాజు, జాగ్రత్త" అని రాయించాను కాబట్టి, మీరు దాన్ని విప్పకుండా అలమర పైఅరలో పెట్టి తాళం వేసి ఉంటారని నా అనుమానం. దయచేసి విప్పండి. లోపల ఉన్నది స్మార్ట్‌ఫోను. మా షాపులో జనానికి చూపించడానికి వాడినది. అద్దం, బ్యాటరీ మార్చి నా చేత్తో బాగుచేశాను.

మీరు ఫోన్లో మాట్లాడరు. కాగితం మీద రాస్తేనే మాటకు బరువు అంటారు. అందుకని ఫోను ఎలా వాడాలో కూడా నేను ఉత్తరం రాయాల్సి వస్తోంది. షాపులో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు.

అమ్మేవాళ్ళు చెప్పనివి, కొన్నవాళ్ళు వెతకనివి దీంట్లో చాలా ఉన్నాయి. మీకు పనికొచ్చేవి ముందే పెట్టి పంపాను. ఫోను వీపు మీద వేలితో రెండుసార్లు తట్టండి, టార్చి వెలుగుతుంది. మళ్ళీ తడితే ఆరుతుంది. కుట్టుమిషను కింద దూరి చూసే మీలాంటివాళ్ళకు ఇది మంచిది. సూది మీద నంబరు కనపడటం లేదని అక్కతో విసుక్కుంటారట కదా. భూతద్దం బొమ్మ ఒకటి పైనే పెట్టాను. అది నొక్కి ఫోన్ని సూది మీదకు తెస్తే, ఆ నంబరు బొటనవేలంత కనిపిస్తుంది. ఏదైనా రాసేటప్పుడు మధ్యలో ఒక అక్షరం తప్పు పడితే మొత్తం చెరిపేయకండి. కింద ఉన్న పొడుగు మీటను నొక్కిపట్టి వేలు పక్కకు జరపండి, గీత ఆ అక్షరం దగ్గరికే వెళ్తుంది. 

పాత సంగతులు నేను మర్చిపోయాను. మర్చిపోయానని పనిగట్టుకుని రాస్తున్నానంటే ఎంతవరకు మర్చిపోయానో మీకే తెలుస్తుంది.

అక్కను అడిగానని చెప్పండి.

మీ బావమరిది


మిషన్ల షెడ్డు వెనక గది నుంచి

బావమరిది బాబుకు,

నీ ఫోను నా పరువు తీసింది. చొక్కా జేబులో పెట్టుకుని బల్లకు ఆనుకున్నాను. వీపు మీద తట్టినట్టయింది కాబోలు, టార్చి వెలిగింది. ఆ సంగతి నాకు తెలియదు. గుండె దగ్గర దీపం పెట్టుకుని షెడ్డంతా తిరిగాను. మిషన్ల మీద ఆడవాళ్ళ భుజాలు ఊగుతుంటే అప్పుడు కిందకు చూసుకున్నాను. నీ అక్కకు చెబితే ఆవిడ భుజాలు కూడా ఊగాయి.

భూతద్దం మాత్రం భలే ఉంది. సూది మీద నంబరే కాదు, దాని మొన మీద గీతలు కూడా కనపడ్డాయి.

పాత సంగతులు అన్నావు. ఏమిటవి? నాకైతే ఏమీ గుర్తులేదు.

ఇక్కడ నా పని నీకు తెలిసిందే. ఈ బట్టల కార్ఖానాలో మిషను మొరాయిస్తే మేనేజరు దాన్ని అమ్మిన కంపెనీవాళ్ళను పిలవడు, నన్ను పిలుస్తాడు. నేను పక్కన నిలబడి తల వంచి వింటాను. షటిల్ అరిగిందో, బెల్టు వదులైందో, మోటారు కాలబోతోందో చెప్పేస్తాను. ఎవరైనా చూడటానికి వస్తే "మా మేస్త్రీ చెవి" అని మేనేజరు చూపిస్తాడు. మేస్త్రీ అని కూడా అనడు, మేస్త్రీ చెవి అంటాడు. 

ఒక్క తలనొప్పి ఉంది. కాజాలు కుట్టే మిషను మీద కొత్తగా ఒక అమ్మాయి చేరింది. పనిలో వంక పెట్టలేం గానీ, పొగరు. దారం మార్చావా, నూనె వేశావా అంటే తల వంచుకుని గుడ్డ వైపు చూస్తూ కూర్చుంటుంది. ఔనని కాదు, కాదని కాదు. గోడకు చెప్పుకున్నట్టు ఉంటుంది.

ఊరికే అడుగుతున్నాను. ఫోను మోగినప్పుడు చప్పుడుతో పాటు దీపం కూడా వెలిగే ఏర్పాటేదైనా ఉందా? షెడ్డులో మోత ఎక్కువ. అందుకని.

నీ బావ


రిపేరు కౌంటరు నుంచి

బావగారికి,

ఉంది. సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అని ఒక గది ఉంటుంది. జనం ఏళ్ళ తరబడి ఫోను వాడతారు గానీ ఆ గది తలుపు తియ్యరు. దాంట్లోకి వెళ్ళి, వినికిడి అన్న చోట చూడండి. ఫోను వస్తే వెనక లైటు మెరవాలా అని అడుగుతుంది. మెరవాలి అనండి.

అక్కడే ఇంకొకటి ఉంది. డబ్బాలో అడుగున చెవుల్లో పెట్టుకునే తెల్లటి ముక్కలు రెండు ఉన్నాయి. ఫోన్ని మిషను పక్కన బల్ల మీద పెట్టి, ఆ ముక్కలు చెవుల్లో పెట్టుకుని, నేను పైన అతికించిన చెవి బొమ్మ నొక్కండి. బల్ల దగ్గర పుట్టే చప్పుడు నేరుగా మీ చెవిలోకి వస్తుంది, కావలసినంత పెంచుకోవచ్చు. మీరు పక్కగదిలో ఉన్నా వస్తుంది. మోత ఎక్కువ ఉన్న చోట పనికొస్తుంది. మోత ఎక్కువని మీరు రాశారు కాబట్టి చెప్తున్నాను, ఇంకేం లేదు.

పని అయ్యాక ఆపడం మర్చిపోవద్దు. అది మిషనుకూ మనిషికీ తేడా చూడదు.

మీ బావమరిది


ఇంటి వరండా నుంచి

బాబూ,

నీ చెయ్యి చల్లగుండ. ఆ తెల్ల ముక్కలు పెట్టుకుని కాలర్లు కుట్టే మిషను దగ్గర కూర్చుంటే, సూది దిగే చప్పుడు, పళ్ళు గుడ్డను లాగే చప్పుడు, లోపల ఎక్కడో ఒక మర వదులై టిక్కుమనే చప్పుడు అన్నీ విడివిడిగా వినిపించాయి. ఇంటికొచ్చి ఫోన్ని వంటింటి గట్టు మీద పెట్టి నేను వరండాలో కూర్చున్నాను. నీ అక్క కూరలు తరుగుతూ తనలో తను ఏదో పాడుకుంటోంది. ఆవిడ పాడుతుందని మర్చేపోయాను. ఎన్నాళ్ళయిందో. అంటే, అంత శ్రద్ధగా విని ఎన్నాళ్ళయిందో అని నా ఉద్దేశం.

షెడ్డులో మాత్రం మిషన్ల కోసమే వాడుతున్నాను. మనుషుల ముందు పెట్టుకుంటే చెవుడనుకుంటారు.

కాజాల అమ్మాయి సంగతి తేల్చేశాను. మొన్న తెల్ల గుడ్డ మీద నల్ల దారం ఎక్కించింది. ఎవరు చెప్పారని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. గుడ్డ వైపే చూస్తోంది. ఒళ్ళు మండి మేనేజరు గదికి వెళ్ళి, అడిగితే జవాబు కూడా చెప్పని మనిషితో నేను పని చేయించలేనని చెప్పేశాను. ఆమెను మిషను మీద నుంచి లేపి దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నెలాఖరుకు పనిలోంచే తీసేస్తారట. అంతదాకా నేను కోరలేదు. కానీ షెడ్డు అన్నాక ఒక మాట, ఒక మర్యాద ఉండాలి.

నాకో స్నేహితుడున్నాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే అది ఫోను మీద అక్షరాలుగా పడే ఏర్పాటు ఉంటుందని ఎక్కడో విన్నాడట. నిజమేనా అని అడగమన్నాడు.

నీ బావ


రిపేరు కౌంటరు నుంచి

బావగారి స్నేహితుడికి,

నమస్కారం. మీరెవరో నాకు తెలియదు గానీ మీకు చెవులు వినపడటం లేదని మాత్రం తెలుసు. ఈ సంగతి మా బావగారి దగ్గర అనకండి. ఆయన తట్టుకోలేరు.

మీరడిగింది నిజమే. అదే యాక్సెసిబిలిటీ గదిలో, మాటను అక్షరాలుగా మార్చేది ఒకటి ఉంది. భాష తెలుగు అని ఎంచుకోండి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తెర మీద వరుసగా పడుతుంది. అప్పుడప్పుడు తప్పులు రాస్తుంది గానీ మనసులో ఏదీ పెట్టుకోదు.

మీతో ఒక విషయం చెప్పుకోవాలి, ఎందుకంటే మా బావగారితో చెప్పలేను. ఆయన ఇంకా ఫోన్లో మాట్లాడే రోజుల్లో, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఆయనకు ఫోన్ చేశాను. మా ఆవిడకు కడుపు నిలవలేదని చెప్పాను. ఆ మాట మొదట చెప్పింది ఆయనకే. ఆయన "మంచిది, మంచిది, చాలా సంతోషం" అన్నారు. ఫోన్ పెట్టేసి ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను. ఆయన అన్న మాట మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. అక్కకూ చెప్పలేదు. లోపలే పెట్టుకుని, ఆయన మొహం చూడటం ఇష్టం లేక పండక్కీ పబ్బానికీ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను.

ఫోను మోగితే దీపం వెలుగుతుందా అని ఆయన అడిగిన రోజు నాకు అర్థమైంది. అక్క చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్నే చెప్పింది. రోజూ పదిమంది చెవులకు ఫోన్లు సరిచేసి ఇచ్చేవాణ్ణి, సొంత బావ సంగతి కనిపెట్టలేకపోయాను. నాకు సిగ్గేసింది.

కాజాల అమ్మాయి నిజంగానే జవాబు చెప్పలేదా అని మా బావగారిని ఒక్కసారి అడగండి. మీరైతే ఆయన వింటారు.

ఇట్లు,
మీ స్నేహితుడి బావమరిది


షెడ్డు వెనక గది నుంచి

నీ ఉత్తరం అందింది.

నా చెవులు బాగానే ఉన్నాయి. ఈ షెడ్డులో ఎవరినైనా అడుగు. పెద్దవాడితో ఎలా మాట్లాడాలో నీకు నేర్పలేదని మీ అక్కతో అందామనుకుని ఊరుకున్నాను.

ఫోను తిరిగి పంపిస్తున్నాను. దాని పెట్టె దొరకలేదు. దొరకగానే పంపుతాను.

నీ అక్క మొగుడు


షెడ్డు వెనక గది, తలుపు వేసుకుని

బావమరిదీ,

ఫోను పంపలేదు. పెట్టె దొరికింది, అయినా పంపలేదు. నువ్వు కూడా జవాబు రాయలేదు. రాయకపోవడమే న్యాయం.

నిన్న గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కుట్టు వదిలేస్తోందంటే, ఫోన్ని దాని పక్కన బల్ల మీద పెట్టి విన్నాను. స్క్రూడ్రైవరు కోసం ఈ గదిలోకి వచ్చాను. అప్పుడే టీకి వదిలారు, మోటార్లన్నీ ఆగిపోయాయి. ముక్కలు నా చెవుల్లోనే ఉన్నాయి. ఫోను అక్కడ బల్ల మీదే ఉంది. ఆపడం మర్చిపోవద్దని నువ్వు రాశావు.

ఆడవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని ఆ బల్ల చుట్టూ చేరారు. 

"నెలాఖరుతో ఆ పిల్లకు పని సరి" అంది ఒకామె.

"అంత కానిపని ఏం చేసిందే?"

"మేస్త్రీ అడిగితే జవాబు చెప్పలేదంట."

"చెప్పకపోవడమేంటి, నేను పక్క మిషను మీదే ఉన్నా. సూపర్‌వైజరు ఎక్కించమన్నాడండీ అని అరిచి అరిచి చెప్పింది. ఆయనకు వినపడి ఏడిస్తే కదా."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు. ఇంట్లో ముసలాయన గురించి నవ్వుకున్నట్టు నవ్వారు. వెటకారమైతే కోపం తెచ్చుకుని బతికిపోయేవాణ్ణి.

"మొన్న నా మిషను చూడ్డానికి వచ్చాడు. తల వంచి వింటున్నాడు, వింటున్నాడు, ఎంతకీ తెమలదు. ఇక నేనే బెల్టు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నా. అప్పుడు చూశాడు. బెల్టు అన్నాడు."

"నేనూ అంతే. ఎక్కడ చప్పుడొస్తుందో అక్కడ వేలు ఆనించి పెడతా."

"ఆ పిల్ల కొత్తది. దానికి ఈ పద్ధతి తెలీదు పాపం. నోటితో చెప్పింది."

"మేనేజరుకు చెప్పుకోవచ్చుగా, మేస్త్రీకి వినపడదని?"

"చెబితే ఆయన పని పోతుందని ఊరుకుని ఉంటుంది. మనం ఊరుకోవట్లా?"

సొరుగు మీద చెయ్యి వేసినవాణ్ణి వేసినట్టే ఉండిపోయాను. ముక్కలు తీసేయాలి. చాటుగా వినడం తప్పని తెలుసు. తీయలేదు. మనుషుల మాటలు ఇంత స్పష్టంగా విని ఎన్నో ఏళ్ళయింది, తీయబుద్ధి కాలేదు. నా పరువు పోతున్న మాటలని తెలిసి కూడా చివరిదాకా విన్నాను.

మేస్త్రీ చెవి, మేస్త్రీ చెవి అని మురిసిపోయాను చూడు. తల వంచి నిలబడేది నేను, చెప్పేది వాళ్ళ చేతులు. నాకది తెలియదా అంటే, కొంత తెలుసు. ఎంత తెలుసో తేల్చుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఈ రోజు షెడ్డులోకి వెళ్ళి ఎవరి మొహమూ చూడలేకపోయాను. 

ఆ పిల్ల నా మీద జాలిపడి నోరు మూసుకుంది. నేను దాని నోటికాడ కూడు తీశాను.

ఒక సంగతి అడుగుతాను, తిట్టకు. ఎవరు పంపారో తెలియకుండా మేనేజరుకు మెసేజ్ పంపే ఉపాయమేదైనా ఈ ఫోన్లో ఉందా? కాజాల అమ్మాయి తప్పు లేదు, ఆమెను తీసేయవద్దు అని. అంతవరకే. నా చెవి ఊసు లేకుండా. చెవి లేదంటే ఈ షెడ్డులో నాకేం మిగులుతుంది?

ఆస్పత్రి మెట్ల సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ రోజు నువ్వేదో శుభవార్త చెప్తున్నావనుకున్నాను. తర్వాత మీ అక్క చెబితే కడుపు పోయిందని తెలిసింది. నువ్వు ఫోన్లో చెప్పిందీ అదేనని, దానికి నేను సంతోషమన్నానని, నీ ఉత్తరం చదివేదాకా తెలియదు.

బావ


రిపేరు కౌంటరు నుంచి

బావగారికి,

అలాంటి ఉపాయం ఉంది. క్షణంలో పని. మీకు మాత్రం చెప్పను.

ఆ అమ్మాయి మీద ఫిర్యాదు చేసినప్పుడు మీరు మొహం దాచుకుని చెప్పలేదు కదా. ఇది కూడా అలాగే చెప్పాలి.

మేనేజరు గదిలోకి వెళ్ళండి. అక్షరాలు పడేది తెరిచి, ఫోన్ని ఆయన బల్ల మీద, ఆయనకూ మీకూ మధ్య పెట్టండి. ఒళ్ళో దాచుకోకండి. అక్షరాలు చిన్నవిగా ఉంటే రెండు వేళ్ళతో తెర మీద సాగదీయండి, పెద్దవవుతాయి. ఆయన మాట్లాడిన తర్వాత తెర చదివి అప్పుడు బదులు చెప్పండి. తొందరపడి "సరే సరే" అనకండి. మీకా అలవాటు ఉంది.

పని పోతే పోతుంది. పోకూడదనే నేనూ కోరుకుంటున్నాను. 

నెలాఖరు దగ్గరికొచ్చింది. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళండి.

మీ బావమరిది


ఇంటి వరండా నుంచి
ఆదివారం

బావమరిది బాబుకు,

చెప్పాను.

నీ ఉత్తరం అందిన రోజు వెళ్ళలేదు. మర్నాడు మేనేజరు గది తలుపు దాకా వెళ్ళి, నూనె డబ్బా కావాలని అడిగి వచ్చేశాను. అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను. ఆ మర్నాడు వెళ్ళాను.

ఫోను బల్ల మీద పెట్టి, "నాకు చెవులు వినపడవండీ, చాలాకాలమైంది. ఆ కాజాల అమ్మాయి జవాబులు చెప్పింది. నాకే వినపడలేదు. మీరు మాట్లాడితే ఇందులో చదువుకుంటాను" అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను, మధ్యలో ఆగితే మళ్ళీ నూనె డబ్బా అడుగుతానని భయం.

ఆయన నవ్వాడు. అది కంటికి కనిపించింది. తర్వాత తెర మీద పడింది: "మీరు కూడానా మేస్త్రీ. ఆ అమ్మాయి కూడా ఇదే కథ చెప్పింది. మేస్త్రీ చెవికి వంక పెడతావా, ఇంకేం సాకు దొరకలేదా అని నవ్వి పంపేశాను."

మళ్ళీ చదివాను. ఫోను తప్పు రాసిందేమో అనుకున్నాను. తప్పు రాయలేదు, ఆయన మొహం చూస్తే తెలిసింది. ఆయన నవ్వు కూడా అప్పటికి ఆగిపోయింది.

ఆ పిల్ల జాలిపడి ఊరుకోలేదు బాబూ. నిజం చెప్పింది. నాకున్న పేరు ముందు ఆ నిజం ఎవరూ నమ్మలేదు. జాలిపడిందని అనుకున్నప్పుడు సిగ్గుపడ్డాను గానీ, ఆ సిగ్గులో ఏ మూలో ఒక తృప్తి కూడా ఉంది, నా మీద ఇంత అభిమానమా అని. అది కూడా పోయింది. పోవాల్సిందే.

ఆమెను తిరిగి కాజాల మిషను మీద కూర్చోబెడతానని మేనేజరు అన్నాడు. నా సంగతి తేల్చలేదు. డాక్టరుకు చూపించుకుని కాగితం తెమ్మన్నాడు, ఈలోగా వేరే మెకానిక్కును కూడా వెతుకుతానన్నాడు. తెర మీద చదివాను. చదివిన తర్వాతే సరే అన్నాను.

అక్కణ్ణుంచి దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి వెళ్ళాను. ఫోను ఆమె ముందు పెట్టి, నాకు తెలిసిందంతా చెప్పాను, టీ వేళ చాటుగా విన్న సంగతితో సహా. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా విన్నారు. వినాలనే గట్టిగా చెప్పాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, షెడ్డు చివరివాళ్ళు కూడా తల తిప్పారు.

ఆమె ఫోను వైపు చూసింది. నోరు విప్పింది. తెర మీద ఇలా పడింది: "తల ఎత్తితే కాజా వంకరపోతుంది. అందుకని తల దించుకునే అరిచేదాన్ని. రోజూ ఇంటికెళ్ళేసరికి గొంతు బొంగురుపోయేది. ఏమైందని మా అమ్మ అడిగితే షెడ్డులో మోత ఎక్కువని చెప్పేదాన్ని."

మోత ఎక్కువని నీకు నేను రాసిన మాటే. నేను నా పరువు కోసం చెప్పాను, ఆమె ఇంట్లోవాళ్ళు బాధపడకూడదని చెప్పింది.

"తప్పు నాది. నన్ను క్షమించమ్మా" అన్నాను.

తెర వైపు చూస్తూ నిలబడ్డాను. ఏమీ రాలేదు. ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాను. ఇంతలో పక్కన ఎవరో దగ్గితే, దగ్గు అని చిన్న అక్షరాలతో చూపించింది. ఫోను బాగానే ఉంది. ఆమె పెదవులు కదల్లేదు. కత్తెర తీసుకుని దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది.

అడిగితే జవాబు చెప్పదని ఆమె మీద ఫిర్యాదు చేశాను చూడు, ఆమె నిజంగా జవాబు చెప్పనిది ఆ ఒక్కసారే. ఫోను తీసుకుని వచ్చేశాను. పోయిన సోమవారం నుంచి కాజాల మిషను మీదకు వస్తోంది. నన్ను చూసి తల దించుకుని పని చేసుకుంటుంది. నేనేం అడగను.

మీ అక్కకు కూడా అన్నీ చెప్పాను. ఆవిడ నాకు వినపడేలా అరవలేదు, ఫోన్ దగ్గరికి లాక్కుని మామూలుగా మాట్లాడింది. "టీవీ మన వీధి వీధంతా వింటోంది, నాకు తెలియదనుకున్నారా" అని తెర మీద పడింది. తర్వాత ఇంకా చాలా పడింది. అవి నీకు రాసేవి కావు.

ఇక నీ సంగతి. ఉత్తరంలో క్షమించమని రాస్తే అది తేలిక. జవాబు వచ్చేదాకా నీ మొహం నాకు కనపడదు, నా మొహం నీకు కనపడదు. అందుకని రాయడం లేదు.

వచ్చే ఆదివారం మీ అక్క ఫోనుకు ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టి, పక్కన నువ్విచ్చిన ఫోను పెట్టుకుని కూర్చుంటాం. ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద నుంచి నాకేం చెప్పావో, అది మళ్ళీ మొదటి నుంచి చెప్పు. నీకు చెప్పబుద్ధి అయితేనే. మీ ఆవిడను అడిగి, ఆవిడకు ఇష్టమైతేనే.

నెమ్మదిగా చెప్పు. మధ్యలో నేనేమీ మాట్లాడకపోతే ఫోను పెట్టేయకు. చదువుతూ ఉంటాను.

నీ బావ